సెలవుల్లో బడికి చందా – ఫోన్ ద్వారా ఎలా?

వేసవి సెలవులు వచ్చాయి. బడికి తాళం పడింది. పిల్లలు కొందరు అమ్మమ్మ ఊరికి వెళ్ళారు. కొందరు అమ్మానాన్నలతో పాటు పనుల కోసం వలస పోయారు.

కానీ బడి అవసరాలకు సెలవులుండవు. కారే కుళాయి కారుతూనే ఉంటుంది. పెచ్చులూడిన నల్లబల్ల అట్లాగే ఉంటుంది. మరుగుదొడ్డికి తలుపు లేకపోతే, జూన్‌లో బడి తెరిచాక కూడా ఉండదు. తలుపు లేని మరుగుదొడ్డికి ఆడపిల్లలు ఎలా వెళతారు? వెళ్ళరు. పొద్దున్నించీ నీళ్ళు తాగకుండా ఉంటారు. కొందరు బడే మానేస్తారు. తలుపు ఖర్చు చిన్నది. దాని మూలంగా ఆగిపోయే చదువు పెద్దది.

బాగుచేసే పనులకు వేసవే మంచి అదను. గదులు ఖాళీగా ఉంటాయి. మన రెండు రాష్ట్రాల్లో బడులు మామూలుగా జూన్ రెండో వారంలో తెరుస్తారు. ఆలోపు పని పూర్తి చెయ్యవచ్చు.

మరి డబ్బెట్లా? ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి చందా అడుగుదామంటే సగం ఇళ్ళకు తాళాలు. ఆ బడిలోనే చదువుకున్నవాళ్ళు హైదరాబాదులో, బెంగుళూరులో, గల్ఫ్ దేశాల్లో ఉన్నారు. వాళ్ళ గడప తొక్కలేం. కానీ వాళ్ళ ఫోను తట్టగలం.

ఇంట్లో ఉండే చందా పోగుచెయ్యడం

ఇది కొత్త ముచ్చట కాదు. అమెరికాలో బడికి ఊతమివ్వడానికి తల్లిదండ్రులు సంఘాలు పెట్టుకుంటారు. వాటిని బూస్టర్ క్లబ్బులు అంటారు. పిల్లల ఆటలకు, పాటల బృందాలకు అవి డబ్బు కూడబెడతాయి. ఇంట్లో చేసిన తినుబండారాలు అమ్ముతారు. కార్లు కడిగి డబ్బు తెస్తారు. 2020లో కరోనా వచ్చింది. మనుషులు కలుసుకునే వీలు లేకుండా పోయింది. అప్పుడు ఇలాంటి సంఘాలు చాలా ఫోన్లు, కంప్యూటర్ల ద్వారానే చందాలు అడిగాయి.

ఆ ఏడాదే ఇంగ్లండులో ఒక ముసలాయన లోకాన్ని ఆశ్చర్యపరిచాడు. ఆయన పేరు టామ్ మూర్. పాత సైనికుడు. అప్పటికి ఆయన వయసు 99 ఏళ్ళు. "నా నూరో పుట్టినరోజు లోపల మా పెరట్లో 100 సార్లు నడుస్తాను. ఆసుపత్రుల కోసం చందా ఇవ్వండి" అన్నాడు. చేతికర్ర బండి పట్టుకుని మెల్లగా నడిచాడు. మొదట 1,000 పౌండ్లు వస్తే చాలనుకున్నాడు. చివరికి 3 కోట్ల 20 లక్షల పౌండ్లకు పైగా వచ్చింది. ఆయన గడప దాటలేదు.

జనం ఎందుకిచ్చారు? డబ్బు ఎందుకో తెలిసింది. అడిగే మనిషి తనూ కష్టపడడం కనిపించింది. ఇవ్వడం తేలికైంది. ఈ మూడూ మన ఊరి బడికి కూడా పనికొస్తాయి.

మొదట కమిటీ కూర్చోవాలి

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. దాని ప్రకారం ప్రతి ప్రభుత్వ బడికీ ఒక యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతులు పిల్లల తల్లిదండ్రులే ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళుండాలి. అంటే బడి సంగతి మాట్లాడడానికి మీకు హక్కుంది. చట్టమే కుర్చీ వేసింది. వెళ్ళి కూర్చోవాలి.

కమిటీ, ప్రధానోపాధ్యాయులు కలిసి అవసరాల జాబితా రాయాలి. "బడికి సాయం చెయ్యండి" అంటే ఎవరికీ ఏమీ తోచదు. "నీళ్ళ తొట్టికి 4 కుళాయిలు కావాలి. మరుగుదొడ్డికి 2 తలుపులు కావాలి. కథల పుస్తకాలు 50 కావాలి" అంటే బుర్రకెక్కుతుంది. దుకాణంలో ధర కనుక్కుని పక్కన రాయాలి. కుళాయి కొనగలవాడు కుళాయి కొంటాడు. తలుపు పెట్టగలవాడు తలుపు పెడతాడు.

జాబితా రాసేముందు ఒకటి చూసుకోవాలి. ఏ పనికైనా ప్రభుత్వం డబ్బు ముందే మంజూరు చేసిందా? చేసి ఉంటే దానికి చందా అడగకూడదు. ప్రభుత్వం చెయ్యాల్సిన పనిని ప్రభుత్వాన్నే అడగాలి. అర్జీ పెట్టాలి. చందా దానికి బదులు కాదు.

నాలుగు దారులు

మొదటిది, రోజుకు రూపాయి. ఈ మాట మన ఆడవాళ్ళకు కొత్తేం కాదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం జరిగింది. చదువు నేర్చిన దూబగుంట ఆడవాళ్ళు సారాను ఎదిరించారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ తర్వాత ఆ జిల్లాలో ఆడవాళ్ళు రోజుకు రూపాయి చొప్పున పొదుపు చేశారు. అదే పొదుపులక్ష్మి. బడికీ ఆ లెక్కే వేద్దాం. 40 మంది, రోజుకు 1 రూపాయి, 45 రోజులు. మొత్తం 1,800 రూపాయలు. రోజూ పంపనక్కర్లేదు. వారానికోసారి 7 రూపాయలు పంపినా సరే.

రెండోది, పుస్తకాల పందెం. సెలవుల్లో పిల్లలు కథల పుస్తకాలు చదువుతారు. ఒక్కో పుస్తకానికి మామయ్యో పిన్నో 10 రూపాయలు బడికి ఇస్తామని మాట ఇస్తారు. చదివిన పిల్లవాడు ఫోన్లో ఆ కథ చెప్పాలి. 30 మంది పిల్లలు తలా 4 పుస్తకాలు చదివితే 1,200 రూపాయలు. డబ్బు తక్కువే కావచ్చు. పిల్లల చదువు మాత్రం మరిచిపోకుండా ఉంటుంది. దూరాన ఉన్న మామయ్యకు కథ వినే సంతోషం దక్కుతుంది.

మూడోది, ఆవకాయ. వేసవి అంటే మామిడికాయ. పట్నంలో ఉన్నవాళ్ళకు ఊరి ఆవకాయ అంటే ప్రాణం. ఎన్ని కిలోలు కావాలో ముందే ఫోన్లో అడిగి రాసుకోవాలి. డబ్బు ముందే తీసుకోవాలి. అప్పుడే కాయలు కొనాలి. కిలోకు ఖర్చులన్నీ పోను 80 రూపాయలు మిగులుతుందనుకుందాం. 25 కిలోలకు 2,000 రూపాయలు. అయితే ఒక మాట. తినే వస్తువులు అమ్మేవాళ్ళు, చిన్న వ్యాపారమైనా సరే, ఆహార భద్రత శాఖలో పేరు నమోదు చేయించుకోవాలి. ఇప్పటికే నమోదైన మహిళా సంఘంతో కలిసి చేస్తే తేలిక.

నాలుగోది, పాత విద్యార్థుల గుంపు. ఫలానా ఏడు పదో తరగతి చదివినవాళ్ళంతా వాట్సాప్‌లో ఒక గుంపు పెట్టుకుంటారు. ఒక్కో ఏడు వాళ్ళు జాబితాలోంచి ఒక్కో పని తీసుకోవచ్చు. డబ్బు వద్దు, వస్తువే ఇస్తామనేవాళ్ళుంటారు. వాళ్ళకోసం కేంద్ర ప్రభుత్వం 2021లో విద్యాంజలి 2.0 అనే వెబ్‌సైటు మొదలుపెట్టింది. బడి తనకేం కావాలో అందులో పెడుతుంది. దాతలు వస్తువులో, తమ సేవో ఇస్తామని ముందుకొస్తారు. దీని గురించి ప్రధానోపాధ్యాయుల్ని అడగండి.

ఉత్తరం ఇట్లా రాయవచ్చు

ఫోన్లో పంపే కబురు చిన్నదిగా ఉండాలి. మీరే రాయండి. అక్షరం వంకరగా వచ్చినా ఫరవాలేదు.

"తమ్ముడూ, బాగున్నావా? నువ్వు చదివిన మన బడికి మరుగుదొడ్డి తలుపులు రెండు కావాలి. జూన్ 5 లోపల పెట్టించాలని కమిటీ అనుకుంది. నీకు వీలైనంత ఇవ్వు. వీలు కాకపోతే ఏం అనుకోం. డబ్బు బడి కమిటీ ఖాతాకే పంపు. రసీదు పంపుతాం. తలుపు పెట్టాక ఫోటో పంపుతాం. – అక్క"

ఇందులో ఏముంది? ఏం కావాలో ఉంది. ఎప్పటికో ఉంది. డబ్బు ఎక్కడికి వెళుతుందో ఉంది. బలవంతం లేదు.

డబ్బు పంపడం, తీసుకోవడం

"ఫోన్లో చందా అంటే భయమేస్తోందక్కా. ఎవరైనా కాజేస్తే?" అని అడుగుతారు.

"భయపడి మానుకోవద్దు చెల్లీ. తెలుసుకుని చెయ్యి."

ఫోన్లో డబ్బు పంపే యూపీఐ పద్ధతి మన దేశంలో 2016లో వచ్చింది. దీని విషయంలో కొన్ని సంగతులు గుర్తుంచుకోండి.

డబ్బు పంపేటప్పుడే పిన్ నంబరు కొట్టాలి. డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు. "మీ బడికి 5,000 ఇస్తాను, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అని ఎవరన్నా అంటే అది మోసం. ఫోను పెట్టెయ్యండి.

డబ్బు పంపేముందు తెరమీద పేరు కనబడుతుంది. కూడబలుక్కుని అయినా సరే ఆ పేరు చదవండి. బడి కమిటీ పేరైతేనే పంపండి. మీరు నేర్చిన అక్షరాలు ఇక్కడ మీ డబ్బుకు కాపలా.

"పంపేశాను" అని ఫోటో పెడితే వచ్చినట్టు కాదు. అట్లాంటి ఫోటోలు దొంగవి తయారు చెయ్యవచ్చు. బ్యాంకు ఖాతాలో పడిందో లేదో చూసుకోవాలి.

ఒకవేళ మోసపోతే వెంటనే 1930 నంబరుకు ఫోన్ చెయ్యండి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపే వీలు అంత ఎక్కువ. సిగ్గుపడి దాచుకోవద్దు.

డబ్బు ఎవరి సొంత ఖాతాలోనూ పడకూడదు. ఆ మనిషి ఎంత మంచివాడైనా సరే. కమిటీ పేరున బ్యాంకు ఖాతా ఉండాలి. ఇద్దరు సంతకాలు పెడితేనే డబ్బు తియ్యగలిగేలా ఉండాలి.

విదేశాల నుంచి వచ్చే డబ్బుకు వేరే చట్టం ఉంది. అది 2010 నాటి విదేశీ విరాళాల చట్టం. గల్ఫ్‌లో పనిచేసే మన మనిషి, మన దేశ పౌరుడిగానే ఉండి, తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. కానీ అమెరికా పౌరసత్వం తీసుకున్న మనవాడు పంపితే అది విదేశీ విరాళమే. దానికి ముందే ప్రభుత్వ అనుమతి ఉండాలి. కనుక ముందు అడిగి తెలుసుకుని తీసుకోండి.

లెక్క గోడమీద ఉండాలి

టామ్ మూర్ కథకు ఇంకో ముక్క ఉంది. ఆయన నడిచి తెచ్చిన డబ్బు ఆసుపత్రుల సేవకు చేరింది. ఆయన 2021లో కన్నుమూశాడు. ఆయన పేరు మీద కుటుంబం వేరే సంస్థ ఒకటి పెట్టింది. దానిమీద విచారణ జరిగింది. కుటుంబ సభ్యులు ఆ సంస్థ వల్ల సొంతానికి లాభపడ్డారని 2024లో అక్కడి అధికారులు తేల్చారు. నూరేళ్ళ మనిషి తెచ్చిన మంచిపేరుకు మచ్చపడింది.

చందా ఒకసారి వసూలవుతుంది. నమ్మకం పోతే రెండోసారి పైసా రాదు. అందుకే ఒక నోటుపుస్తకం పెట్టండి. తేదీ, ఇచ్చినవారి పేరు, ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఎంత మిగిలింది. ఈ ఐదు గడులు చాలు. రసీదులు దారానికి గుచ్చి దాచండి. వారానికోసారి లెక్క బడి గోడమీద అంటించండి. దాని ఫోటో గుంపులో పెట్టండి. చదవగలిగిన ప్రతివాళ్ళూ చదువుతారు. ప్రశ్న అడిగితే కోపం తెచ్చుకోవద్దు. అడిగేవాడు బడికి శత్రువు కాదు.

మరిచిపోకూడని మాటలు

పేద తల్లిదండ్రుల్ని బలవంతం చెయ్యకూడదు. చందా ఇవ్వలేదని పిల్లల్ని తక్కువ చెయ్యకూడదు. చదువు పిల్లల హక్కు, చందాకు బదులు ఇచ్చే సరుకు కాదు. డబ్బు ఇవ్వలేనివాళ్ళు ఒకపూట శ్రమ ఇవ్వవచ్చు. సున్నం వెయ్యవచ్చు. చెట్లకు పాదులు తీయవచ్చు. అదీ పుస్తకంలో రాయాలి. పిల్లల ఫోటోలు వాళ్ళ అమ్మానాన్నల్ని అడక్కుండా గుంపుల్లో పెట్టకూడదు.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీ ఊరి బడి కమిటీలో ఎవరున్నారు? అందులో ఆడవాళ్ళు ఎందరు?
2. మీ బడికి జూన్ లోపల కావలసినవి మూడు రాయండి. ధరలు కనుక్కోండి.
3. డబ్బు తీసుకోవడానికి పిన్ కొట్టాలా? ఎందుకు?
4. మీ ఊరివాళ్ళు ఏయే ఊళ్ళలో ఉన్నారు? ఒకరికి కబురు రాయండి. పంపేముందు పక్కవాళ్ళకు చదివి వినిపించండి.