5 కిలోల మాల్ట్, 32 లీటర్ల నీళ్లు: ఇంటి బీరు వెనక సాఫ్ట్‌వేర్ లెక్క

అమెరికాలో ఇంటి అవసరానికి బీరు కాచుకోవడం చట్టం ఒప్పుకున్న అభిరుచి. 1978 అక్టోబరులో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకంతో వచ్చిన చట్టం దీనిపై ఫెడరల్ పన్నును ఎత్తేసింది. ఇంట్లో పెద్దవారు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు ఆపైన ఉంటే 200 గ్యాలన్లు పరిమితి. 200 గ్యాలన్లంటే సుమారు 757 లీటర్లు, అంటే 20 లీటర్ల చొప్పున ఏడాదికి 37 విడతలు. అమ్మడానికి మాత్రం వీల్లేదు. మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం ఎక్సైజ్ చట్టాల ప్రకారం నేరం. అందుకే ఈ కథనం అమెరికాలో ఉంటూ, ఈ అభిరుచి మీద మనసుపడిన తెలుగువారి కోసం.

చాలామంది డబ్బాలో దొరికే మాల్ట్ పాకంతో మొదలుపెడతారు. కొన్నాళ్లకు గింజ నుంచే చేద్దామనిపిస్తుంది. అక్కడే లెక్కలు ఎదురవుతాయి: ఎన్ని నీళ్లు, ఎంత వేడి, ఎంత గింజ? బీర్‌స్మిత్, బ్రూఫాదర్, బ్రూవర్స్ ఫ్రెండ్, ఉచితంగా దొరికే బ్రూటార్గెట్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఈ లెక్కలు క్షణంలో చేసిపెడతాయి. అయితే అవి ఏ లెక్క చేస్తున్నాయో మనకు తెలిస్తేనే, ఎక్కడ తప్పు వచ్చిందో కనిపెట్టగలం. 20 లీటర్ల బీరు, దానికి 5 కిలోల మాల్ట్ తీసుకుని, కాగితం మీద కూడా చేయగలిగే ఆ లెక్కను ఒక్కో అడుగు చూద్దాం. 650 మిల్లీలీటర్ల సీసాల్లో పోస్తే ఇది 30 సీసాలు.

ముందుగా, గింజలో ఏం జరుగుతుంది?

మాల్ట్ అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ. దాన్ని బరకగా నలగ్గొట్టి వేడినీళ్లలో గంటసేపు నానబెట్టడాన్ని మ్యాష్ అంటారు. మొలక వచ్చినప్పుడు గింజలో పుట్టిన ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరలుగా విడగొడతాయి. ఆ తీపినీటిని వంచుకున్నాక, గింజలో మిగిలిన తీపి కోసం మళ్లీ వేడినీళ్లు పోసి కడగడమే స్పార్జ్. చింతపండు ఒకసారి పిసికి, పిప్పిలో ఇంకాస్త నీళ్లు పోసి రెండోసారి పులుసు తీయడం లాంటిదే ఇది. ఇలా వచ్చిన తీపినీటి పేరు వర్ట్. దీన్ని హాప్స్ అనే చేదు పువ్వులు వేసి మరిగించి, చల్లార్చి, ఈస్ట్ కలిపి పులియబెడితే బీరవుతుంది.

మొత్తం ఎన్ని నీళ్లు కావాలి?

సాఫ్ట్‌వేర్ ఈ లెక్కను చివరి నుంచి మొదటికి చేస్తుంది. పులియబెట్టే పాత్రలోకి 20 లీటర్లు చేరాలి. గిన్నె అడుగున మడ్డితో పాటు 2 లీటర్లు ఉండిపోతాయి. అంటే చల్లారిన వర్ట్ 22 లీటర్లు ఉండాలి. మరుగుతున్న ద్రవం చల్లారేసరికి దాదాపు 4 శాతం కుంచించుకుపోతుంది కాబట్టి, పొయ్యి ఆపేటప్పటికి 23 లీటర్లు కావాలి. గంట మరిగితే 4 లీటర్లు ఆవిరవుతాయనుకుంటే, మరిగించే ముందు గిన్నెలో 27 లీటర్లు ఉండాలి. కిలో గింజ సుమారు లీటరు నీటిని పీల్చుకుని వదలదు. 5 కిలోలకు 5 లీటర్లు. మొత్తం 32 లీటర్లు. ఇళ్లలో తాగునీటికి తెప్పించుకునే 20 లీటర్ల క్యానులు ఒకటిన్నరకు పైగా ఖర్చవుతాయన్నమాట.

అందులో మ్యాష్‌కు ఎంత, స్పార్జ్‌కు ఎంత?

మ్యాష్‌లో కిలో గింజకు 3 లీటర్లు పోద్దాం. 5 కిలోలకు 15 లీటర్లు. వాటిలో 5 లీటర్లు గింజ పీల్చుకుంటే, మొదటి వంపులో 10 లీటర్లు వస్తాయి. 27కి తక్కువపడిన 17 లీటర్లే స్పార్జ్ నీళ్లు. ఇంతకు మించిన రహస్యం సాఫ్ట్‌వేర్‌లో లేదు.

ఇవన్నీ పాత్రలో పడతాయా?

ఇది చాలామంది మరిచిపోయే ప్రశ్న. మ్యాష్‌కు అక్కడివారు తరచూ వాడేది వేడి నిలిపే ప్లాస్టిక్ కూలర్. 5 గ్యాలన్ల కూలర్‌లో 19 లీటర్లు పడతాయి. కిలో గింజ నీళ్లలో 0.67 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. 5 కిలోలకు దాదాపు 3.4 లీటర్లు. 15 లీటర్ల నీళ్లు కలిపితే 18.4. అంచు దాకా వచ్చినా పట్టేస్తుంది. కానీ స్పార్జ్‌కు 17 లీటర్లూ ఒకేసారి పోస్తే, గింజలో ఉండిపోయిన 5 లీటర్లు, గింజ చోటు కలిపి 25 లీటర్లు దాటి పొంగిపోతుంది. ఎనిమిదిన్నర చొప్పున రెండు విడతలుగా పోస్తే 17 లీటర్లలోపే సరిపోతుంది. పైగా ఒక్కసారి కడిగినదానికంటే, అవే నీళ్లతో రెండుసార్లు కడిగితే తీపి కొంచెం ఎక్కువ దిగుతుంది. 10 గ్యాలన్ల కూలర్ ఉన్నవారికి ఈ బెంగ లేదు.

నీళ్లు ఎంత వేడిగా ఉండాలి?

మ్యాష్ 67 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలవాలనుకుందాం. గింజ చల్లగా ఉంటుంది కాబట్టి నీళ్లు అంతకంటే వేడిగా ఉండాలి. లెక్క ఇదీ: 67లోంచి గింజ ఉష్ణోగ్రత 25 తీసేస్తే 42. దాన్ని 0.41తో గుణించి, కిలోకు పోసే 3 లీటర్లతో భాగిస్తే 5.7. అది 67కు కలిపితే నీళ్లు 72.7 డిగ్రీలు ఉండాలి. చలికాలంలో గ్యారేజీలో ఉంచిన గింజ 10 డిగ్రీలే ఉంటే జవాబు 74.8. కూలర్ గోడలు పీల్చే వేడిని ఈ లెక్క పట్టించుకోదు. కాబట్టి కూలర్‌ను ముందుగా వేడినీళ్లతో తొలిపి పారబోయండి, లేదా దాని బరువు, పదార్థం సాఫ్ట్‌వేర్‌కు చెప్పండి.

రెండు డిగ్రీల తేడాకు ఇంత పట్టింపు ఎందుకు?

పనిచేసే ఎంజైములు ముఖ్యంగా రెండు. బీటా అమైలేజ్ 60 నుంచి 65 డిగ్రీల మధ్య చురుగ్గా ఉండి, ఈస్ట్ తినగలిగే చక్కెరలు ఎక్కువ చేస్తుంది. ఆల్ఫా అమైలేజ్‌కు 68 నుంచి 72 నప్పుతుంది. అది విడగొట్టేవాటిలో ఈస్ట్ ముట్టని పెద్ద ముక్కలు ఎక్కువ మిగులుతాయి. అందుకే 65 దగ్గర చేసిన బీరు పలుచగా, తీపి లేకుండా ఉంటుంది. 69 దగ్గర చేసినది చిక్కగా నోటికి తగులుతుంది. పైన చెప్పిన చలికాలపు గింజలో 72.7 డిగ్రీల నీళ్లే పోస్తే మ్యాష్ 65 దగ్గర ఆగుతుంది. మీరు అనుకున్న బీరు ఒకటి, వచ్చేది ఇంకొకటి.

స్పార్జ్ నీళ్లు 75, 76 డిగ్రీలు ఉంటే చాలు. మరీ వేడి నీళ్లతో మరీ ఎక్కువసేపు కడిగితే పొట్టులోని వగరు దిగుతుంది. వంపులో సాంద్రత 1.010 కంటే తగ్గితే ఆపేయడం మేలు.

ఈ సాంద్రత అంకె ఏం చెబుతుంది?

లీటరు నీళ్లు 1000 గ్రాములు తూగితే, 1.051 సాంద్రత ఉన్న వర్ట్ లీటరు 1051 గ్రాములు తూగుతుంది. ఆ 51ని పాయింట్లంటారు. కిలో పేల్ మాల్ట్‌ను పూర్తిగా రాబట్టగలిగితే సుమారు 300 పాయింట్లు వస్తాయి. 5 కిలోలకు 1500. ఇంట్లో అంతా రాదు. 75 శాతం వస్తుందనుకుంటే 1125. దాన్ని 22 లీటర్లకు పంచితే 51. కరిగినదంతా కలిపితే దాదాపు 2.9 కిలోలు. 250 మిల్లీలీటర్ల గ్లాసు వర్ట్‌లో సుమారు 33 గ్రాములు, అంటే ఆరేడు టీ చెంచాల చక్కెరంత. ఈస్ట్ అందులో నాలుగింట మూడొంతులు తింటే బీరులో ఆల్కహాల్ 5 శాతం ఉంటుంది.

లెక్క తప్పితే ఏం చేయాలి?

మరిగించే ముందు కొంచెం వర్ట్ తీసి చల్లార్చి, హైడ్రోమీటర్‌తో చూడండి. సాంద్రతను కొలిచే గాజు గొట్టమే హైడ్రోమీటర్. మన లెక్క ప్రకారం అది 1.043 చూపాలి. 1.038 చూపిందనుకోండి. చల్లారితే 26 లీటర్లయ్యే వర్ట్‌లో 988 పాయింట్లే ఉన్నాయి, అంటే 66 శాతమే దిగింది. రెండు దారులున్నాయి. ఇంకో 40 నిమిషాలు మరిగించి 19.4 లీటర్లకు దించితే మళ్లీ 1.051 వస్తుంది, బీరు తగ్గుతుంది. లేదా 1.045తో సరిపెట్టుకుంటే బీరు 20 లీటర్లూ ఉంటుంది, ఆల్కహాల్ 4.4 శాతానికి దిగుతుంది. నష్టమేమీ లేదు. తర్వాతి విడతకు గింజ ఇంకాస్త మెత్తగా నలగ్గొట్టి చూడండి. దిగుబడి తగ్గడానికి తరచూ కారణం గింజ సరిగ్గా నలగకపోవడమే.

మరి సాఫ్ట్‌వేర్‌ను నమ్మవచ్చా?

దాని గుణకారంలో తప్పుండదు. తప్పుండేది మనమిచ్చే అంకెల్లో. మొదటిసారి తెరిచినప్పుడు అందులో ఉన్న ఆవిరి లెక్క, దిగుబడి శాతం సగటు అంచనాలు మాత్రమే. అవి మీ పొయ్యివీ, మీ గిన్నెవీ కావు. ఆవిరి లెక్క ఒకటిన్నర లీటర్లు తేడా వచ్చినా సాంద్రత మూడు పాయింట్లకు పైగా మారిపోతుంది.

కాబట్టి గింజ కొనకముందే ఒకరోజు ఉత్తి నీళ్లు గంటసేపు మరిగించి, ఎన్ని లీటర్లు తగ్గాయో కొలవండి. తర్వాత ప్రతి విడతలోనూ నాలుగు అంకెలు రాసుకోండి: ఆవిరైన నీళ్లు, గింజ పీల్చిన నీళ్లు, అడుగున మిగిలినది, దిగుబడి శాతం. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న అంచనాలు చెరిపి, ఆ చోట మీ కొలతలు నింపండి. మూడు నాలుగు విడతలు ఓపిగ్గా ఈ పని చేస్తే, ఆ తర్వాత తెరమీద కనిపించే అంకెకూ మీ హైడ్రోమీటర్ చూపే అంకెకూ పెద్ద తేడా ఉండదు.