కంటి వెనుక కపాల నాడులు

మెదడు నుంచి నేరుగా బయలుదేరే నాడులను కపాల నాడులు అంటారని, అవి 12 జతలని మనం చదువుకున్నాం. వాటిలో 2 నుంచి 7 వరకు గల ఆరు జతలకూ కంటితో పని ఉంది. కనుక కంటి జబ్బు అనుకున్నది ఒక్కొక్కప్పుడు నాడి జబ్బు కావచ్చు.

ఈ నాడుల దారి బొమ్మ చూసి పూర్తిగా అర్థం కాదు. పుర్రెలోంచి మెదడును మెల్లగా పైకెత్తి చూస్తేనే ఏ నాడి ఏ రంధ్రం గుండా పోతోందో తెలుస్తుంది. మన దేశంలో ఆ రకమైన చదువుకు కోల్‌కతా మెడికల్ కాలేజీ దారి చూపింది. 1835లో అది ఏర్పడగా, 1836లో పండిత మధుసూదన్ గుప్తా అక్కడ శవపరిచ్ఛేదం చేశారు. శవాన్ని తాకితే కులం పోతుందనే రోజులవి. పైగా ఆయన ఆయుర్వేదం బోధించిన పండితుడు. ఈనాడు ఆ కాలేజీ ఆవరణలోనే ప్రాంతీయ నేత్రవైద్య సంస్థ పనిచేస్తోంది.

రెండోది దృక్ నాడి. ఇందులో పది లక్షలకు పైగా తంతువులు ఉంటాయి. చనిపోయిన తంతువు తిరిగి పెరగదు. నీటికాసుల వ్యాధిలో దెబ్బతినేది ఇదే. చుక్కల మందు ఉన్న చూపును నిలుపుతుందే గాని పోయినదాన్ని తేలేదు.

3, 4, 6 నాడులు కంటిని తిప్పే కండరాలవి. వీటిలో ఒకటి పడిపోతే ఒక వస్తువు రెండుగా కనిపిస్తుంది. అప్పుడు ఒక కన్ను మూసి చూడండి. ఏ కన్ను మూసినా రెండో బొమ్మ మాయమైతే రెండు కళ్ల పొందిక తప్పిందన్నమాట. ఒక కన్ను మూసినా రెండుగానే కనిపిస్తే లోపం చాలావరకు తెరిచి ఉన్న కంటిలోనే, అంటే శుక్లంలోనో అద్దాల పవరులోనో ఉంటుంది. మొదటి రకానికి కొత్త కళ్లద్దాలు కొనుక్కుని ఊరుకోవడం ప్రమాదం.

మూడో నాడి రెప్పను ఎత్తుతుంది, కంటిపాపను చిన్నది చేస్తుంది. పాపకు చెందిన తంతువులు ఈ నాడి పైపొరలో ఉంటాయి. మెదడులోని రక్తనాళం బుడగలా ఉబ్బి నొక్కితే ముందు నలిగేవి అవే. మధుమేహంలో సాధారణంగా లోపలి తంతువులు దెబ్బతింటాయి, పాప తరచుగా మామూలుగానే ఉంటుంది. హఠాత్తుగా రెప్ప వాలి, పాప పెద్దదై, తలనొప్పి కూడా ఉంటే గంటలు లెక్కపెట్టుకోవాల్సిన స్థితి. స్కానింగు ఉన్న ఆసుపత్రికి వెంటనే వెళ్లాలి. పాప మామూలుగా ఉన్నా డాక్టరు చూడకుండా ధైర్యం చెప్పలేం.

ఐదోది, ఏడోది జంటగా పనిచేస్తాయి. కంట్లో నలుసు పడితే ఐదో నాడి కబురు పంపుతుంది, ఏడో నాడి రెప్ప మూయిస్తుంది. ముఖానికి పక్షవాతం వచ్చినవారికి రెప్ప మూతపడదు. మూతి వంకర పోయిందని దిగులుపడతారు గాని ఎండిపోతున్న కార్నియాను పట్టించుకోరు. పగలు కన్నీటి చుక్కలు, రాత్రి ఆయింట్‌మెంటు వేసి రెప్పను టేపుతో మూయాలి.

నుదుటిమీద అక్కి లేచి ముక్కు కొసన కూడా పొక్కులు వస్తే కన్ను చూపించుకోవాలి. ఆ కొసకూ కంటికీ వెళ్లేది ఐదో నాడి శాఖ ఒక్కటే. మందు 72 గంటల్లోపు మొదలైతే మేలు. తగ్గాక కార్నియాకు స్పర్శ తగ్గిపోవచ్చు. అలాంటి కన్ను ఎర్రబడితే నొప్పి లేదు కదా అని ఆగకూడదు, పుండు పడినా అది చెప్పలేదు.