తొలి ఛార్జింగ్‌లోనే తరుగు

ఫోన్‌ది కానివ్వండి, విద్యుత్ స్కూటర్‌ది కానివ్వండి, లిథియం అయాన్ బ్యాటరీకి ఒక్క విడతలో జరిగే అతి పెద్ద నష్టం అది మన చేతికి రాకముందే, ఫ్యాక్టరీలో మొదటిసారి ఛార్జి చేసినప్పుడే జరిగిపోతుంది. నగ చేయిస్తే బంగారంలో తరుగు పోయినట్టు, కాథోడ్ (ధన ధ్రువం) లోని లిథియంలో సాధారణంగా 5 నుంచి 20 శాతం అక్కడే ఖర్చవుతుంది. కొత్త బ్యాటరీలో పనికొచ్చే లిథియమంతా కాథోడ్‌లోనే ఉంటుంది కాబట్టి, పోయింది పోయినట్టే. అందుకే లిథియం దండిగా ఉన్న పదార్థాన్ని కొద్దిగా కాథోడ్‌లోనే కలిపి ఆ లోటు పూడుస్తున్నారు.

పలుచని పొర, పెద్ద ఖర్చు: తొలి ఛార్జింగ్‌లో ఎలక్ట్రోలైట్ ద్రావణం కొంత విడిపోయి, ఆనోడ్ (రుణ ధ్రువం) మీద నానోమీటర్లలో కొలిచేంత పలుచని పొర కడుతుంది. లిథియాన్ని తినేది ఇదే. బ్యాటరీని ఏళ్ల తరబడి కాపాడేదీ ఇదే. 1979లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్త ఇమాన్యుయేల్ పెలెడ్ దీని తీరును వివరించారు.

ఎక్కువ పట్టేది, ఎక్కువ తినేది: ఆనోడ్‌గా వాడే గ్రాఫైట్ గ్రాముకు 372 మిల్లీ ఆంపియర్ అవర్లు నిల్వ చేస్తే, సిలికాన్ సుమారు 3,580 చేస్తుంది. కానీ నిండినప్పుడు ఉబ్బి దాదాపు నాలుగింతలవుతుంది. ఆ ఉబ్బుకు పొర పగిలిన చోటల్లా కొత్తది కట్టాలి, దానికి మళ్లీ లిథియం కావాలి.

అందరికన్నా పెద్ద దాత: లోటు పూడ్చడానికి కాథోడ్‌లో కలిపే పదార్థాల్లో ఎక్కువ ఇచ్చేది లిథియం నైట్రైడ్. సిద్ధాంతం ప్రకారం గ్రాముకు 2,309 మిల్లీ ఆంపియర్ అవర్లు ఇస్తుంది. మామూలు కాథోడ్ పదార్థమైన లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ఇచ్చేది 170. ఇచ్చాక మిగిలేది నైట్రోజన్ వాయువే. దాన్ని సెల్‌కు చివరి సీలు వేసేలోపే బయటికి పంపవచ్చు. తేమ తగిలితే మాత్రం అమ్మోనియాను వదులుతూ పాడైపోతుంది, అదే దీనితో చిక్కు.

ఒక ఇనుముకు ఐదు లిథియాలు: అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాల పరీక్షించిన లిథియం ఐరన్ ఆక్సైడ్‌లో ఒక్కో ఇనుము పరమాణువుకు ఐదు లిథియం పరమాణువులుంటాయి. వాటిలో నాలుగు బయటికొస్తాయి. ఇనుము చవక కూడా.

4.8 కలిపితే 11 పెరిగింది: 2016లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ కాథోడ్‌లో కోబాల్ట్, లిథియం ఆక్సైడ్‌ల నానో మిశ్రమాన్ని 4.8 శాతం కలిపారు. కాథోడ్ మొత్తం సామర్థ్యం 11 శాతం పెరిగింది.

ఒక్కసారే పని: ఈ పదార్థాలు తొలి ఛార్జింగ్‌లో లిథియాన్ని ఇచ్చేస్తాయి, తిరిగి పుచ్చుకోవు. కొన్నింటి అవశేషం బ్యాటరీ బతికినన్నాళ్లూ లోపలే బరువుగా ఉండిపోతుంది. తక్కువ కలిపి ఎక్కువ రాబట్టడం మీదే పరిశోధకుల దృష్టంతా ఉంది. ఈ తరుగు తీరితేనే సిలికాన్ ఆనోడ్ తన పూర్తి సత్తా చూపగలదు, తవ్వి తీసిన లిథియం వృథా పోకుండా ఉంటుంది.