జీతం ఆగినా వడ్డీ ఆగదు: ఉద్యోగం పోయినవేళ క్రెడిట్ కార్డు అప్పు

మొదటి ఖుత్బా

సర్వస్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి, శుభాలు వర్షించుగాక!

ధర్మసోదరులారా! అల్లాహ్ పట్ల భయభక్తులతో మెలగవలసిందిగా ముందుగా నాకు నేను, ఆ తరువాత మీకు హితవు చెబుతున్నాను.

మన మన్సూరాబాద్ వీధుల నుండి ప్రతి ఉదయం ఎందరో యువకులు భుజాన సంచీ వేసుకొని ఎల్బీనగర్ మెట్రో స్టేషనుకు చేరుకుంటారు. అమీర్‌పేటలో రైలు మారి హైటెక్ సిటీకి వెళతారు. వారిలో ఒక సోదరుణ్ణి ఊహించండి. ఉద్యోగం పోయి రెండు నెలలయింది. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. రోజూ టిఫిన్ డబ్బా కట్టించుకొని బయలుదేరుతున్నాడు. పగలంతా ఎక్కడో కూర్చొని సాయంత్రం ఇల్లు చేరుతున్నాడు. అద్దె, కిరాణా, పిల్లల ఫీజు అన్నీ క్రెడిట్ కార్డు మీదే నడుస్తున్నాయి. ఫోను మోగితే ఉలిక్కిపడుతున్నాడు. ఇది ఊహాచిత్రమే. అయినా ఇలాంటి సోదరుడు ఈ నమాజు పంక్తిలో మన పక్కనే నిలబడి ఉండవచ్చు. అందుకే నేటి ప్రసంగం.

దైవప్రవక్త (స) తమ నమాజులో పాపం నుండి, అప్పు నుండి అల్లాహ్ శరణు వేడుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. అప్పు గురించి ఇంతగా ఎందుకు శరణు కోరుతున్నారని ఒకరు అడిగారు. అప్పులో పడిన మనిషి మాట్లాడితే అబద్ధమాడతాడని, వాగ్దానం చేస్తే భంగం చేస్తాడని ఆయన (స) వివరించారు. బుఖారీ గ్రంథంలో ఉన్న ఈ హదీసు అప్పు వల్ల కలిగే మొదటి నష్టాన్ని మనకు చూపుతుంది. అప్పు జేబును ఖాళీ చేయకముందే మాటను పాడు చేస్తుంది. మన ఊహాచిత్రంలోని సోదరుడు మోసగాడు కాడు. అయినా రోజుకొక అబద్ధం ఆడక తప్పని స్థితికి చేరుకున్నాడు.

కార్డు లెక్క

కార్డుతో కొన్న సరుకుకు, స్టేట్‌మెంటులోని మొత్తాన్ని గడువులోగా పూర్తిగా కడితే, సాధారణంగా వడ్డీ పడదు. ఒక్క రూపాయి మిగిల్చినా ఆ సౌకర్యం పోతుంది. కొన్న తేదీ నుండే వడ్డీ లెక్కిస్తారు. పాత బాకీ తీరేవరకు కొత్తగా కొన్నవాటికి కూడా వడ్డీ లేని గడువు ఉండదు. ఏటీఎంలో కార్డుతో నగదు తీస్తే మొదటి రోజు నుండే వడ్డీ మొదలవుతుంది.

చాలా కార్డులపై వడ్డీ నెలకు 3 శాతం పైనే ఉంటుంది. వడ్డీపై 18 శాతం జీఎస్టీ అదనం. ఒక సోదరునికి 1,00,000 రూపాయల బాకీ ఉన్నదనుకుందాం. నెలకు 3.5 శాతం చొప్పున వడ్డీ 3,500, దానిపై జీఎస్టీ 630, వెరసి 4,130 రూపాయలు. బాకీలో 5 శాతం, అంటే 5,000 రూపాయల మినిమమ్ డ్యూ కడితే అసలులో తగ్గేది 870 రూపాయలు మాత్రమే. ఇలా ఏడాదిపాటు మినిమమ్ డ్యూ మాత్రమే కడుతూ పోతే దాదాపు 57,000 రూపాయలు చెల్లించిన తరువాత కూడా ఇంకా 90,000 రూపాయల బాకీ నిలిచి ఉంటుంది. ఆ ఏడాది కార్డుతో కొత్తగా ఏమీ కొనకపోయినా లెక్క ఇదే. మినిమమ్ డ్యూ లేటు ఫీజును ఆపుతుందే గాని అప్పును తీర్చదు.

ప్రభుత్వమో న్యాయస్థానమో ఈ వడ్డీకి హద్దు విధిస్తుందని ఎదురుచూడటం కూడా తగదు. ఏడాదికి 30 శాతానికి మించి వడ్డీ తీసుకోవటం అన్యాయమని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ తీర్పు ఇచ్చింది. 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది.

ఇక ధర్మం మాట. బఖరా సూరా 275 నుండి 281 వరకు గల ఆయతులలో అల్లాహ్ వ్యాపారాన్ని ధర్మసమ్మతం చేసి వడ్డీని నిషేధించాడు. వడ్డీ తినేవాడినే కాక, ఇచ్చేవాడిని, రాసేవాడిని, సాక్షులను కూడా దైవప్రవక్త (స) శపించారని సహీహ్ ముస్లిం హదీసు తెలుపుతున్నది. 2000 సెప్టెంబరులో రియాద్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ, వడ్డీ షరతు గల క్రెడిట్ కార్డు తీసుకోవటమే సమ్మతం కాదని, గడువులోగా కట్టే ఉద్దేశం ఉన్నా అది వర్తిస్తుందని నిర్ణయించింది. గడువులోగా పూర్తిగా కట్టేవారి విషయంలో వెసులుబాటు చూపిన పండితులూ ఉన్నారు. అయితే గడువు దాటించి వడ్డీ కడుతూ కార్డు వాడుకోవటం సరైనదని ఏ పక్షమూ చెప్పదు. ఇప్పటికే ఇందులో చిక్కుకున్న సోదరుడు తౌబా చేసుకోవాలి, బయటపడే దారి వెదకాలి. తౌబా ద్వారం తెరిచే ఉన్నది. నిరాశ చెందవలసిన పని లేదు.

బయటపడే దారి

మొదటి మెట్టు, ఇంట్లో చెప్పటం. ఉద్యోగం పోవటం అపరాధం కాదు. ఉపాధిని ఇచ్చేవాడు, దానిని విస్తరింపజేసేవాడు, కుదించేవాడు అల్లాహ్. విషయం భార్యకు, తల్లిదండ్రులకు తెలిసిన రోజునే ఇంటి ఖర్చు తగ్గుతుంది. తెలియనంతకాలం వారు పాత జీతానికి తగినట్టుగానే ఖర్చు పెడతారు. అందులో వారి తప్పు లేదు.

రెండవ మెట్టు, రాయటం. ఖుర్ఆన్‌లోని అతి పెద్ద ఆయతు బఖరా సూరా 282వది. అది అప్పును రాసిపెట్టుకోవటం గురించినదే. ఒక కాగితంపై ఒక్కొక్క కార్డు పేరు, బాకీ, నెలసరి వడ్డీ, గడువు తేదీ రాయండి. స్నేహితుల వద్ద తీసుకున్న చేబదుళ్ళు కూడా రాయండి. రాసే వరకు అప్పు భయంగానే ఉంటుంది. రాసిన తరువాత అది ఒక సంఖ్య అవుతుంది. సంఖ్యతో లెక్క చేయవచ్చు.

మూడవ మెట్టు, ఆపటం. కార్డు వాడకం పూర్తిగా ఆపండి. నెలనెలా దానంతట అదే కోసుకునే చందాలు రద్దు చేయండి. మిగిలిన డబ్బు ముందుగా తిండికి, అద్దెకు, మందులకు కేటాయించండి. ఆ తరువాత మిగిలినదానితో అధిక వడ్డీ గల కార్డును మొదట తగ్గించండి. ఒక కార్డు తీర్చటానికి మరో కార్డు, దానిని తీర్చటానికి ఫోనులోని లోన్ యాప్ అన్న దారిలోకి పోవద్దు. 2020 డిసెంబరులో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు అక్రమ లోన్ యాప్ ముఠాలను అరెస్టు చేసిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆ యాప్‌లు ఫోనులోని పేర్లన్నీ లాక్కొని బంధుమిత్రుల ముందు మనిషి పరువు తీశాయి. కొందరు ప్రాణాలు తీసుకున్నారు.

నాల్గవ మెట్టు, బ్యాంకుతో ముందే మాట్లాడటం. గడువు దాటి 90 రోజులైనా మినిమమ్ డ్యూ పూర్తిగా కట్టకపోతే ఆ ఖాతా మొండి బాకీగా లెక్కకు వస్తుంది. అంతవరకు ఆగకండి. ఉద్యోగం పోయిన పత్రం జతచేసి, ఇంత మాత్రమే కట్టగలనని, వడ్డీ తగ్గించి లేదా ఆపి అసలును వాయిదాలుగా తీసుకోమని లిఖితపూర్వకంగా అడగండి. బ్యాంకు ఒకేసారి కట్టే సెటిల్‌మెంటుకు ఒప్పుకుంటే, ముందు బ్యాంకు నుండి లేఖ తీసుకోండి. ఆ తరువాతే, బ్యాంకు ఖాతాకే చెల్లించండి. ఏజెంటు చేతికి నగదు ఇవ్వకండి. పూర్తయ్యాక నో డ్యూస్ సర్టిఫికెట్ అడిగి భద్రపరచుకోండి. సెటిల్‌మెంటు చేసుకున్నట్టు క్రెడిట్ రిపోర్టులో నమోదవుతుంది. తరువాత కొన్నేళ్ళు రుణం దొరకటం కష్టమవుతుంది. ఆ నష్టం తెలిసే నిర్ణయం తీసుకోండి.

ఐదవ మెట్టు, హక్కులు తెలుసుకోవటం. 2022 ఆగస్టులో రిజర్వ్ బ్యాంక్ ఇచ్చిన ఆదేశం ప్రకారం రికవరీ ఏజెంట్లు ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 గంటల తరువాత ఫోను చేయరాదు. తిట్టరాదు, బెదిరించరాదు, నలుగురిలో అవమానించరాదు, కుటుంబ సభ్యులను, స్నేహితులను వేధించరాదు. అలా జరిగితే తేదీ, సమయం రాసుకొని మొదట బ్యాంకుకు ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, జవాబు సంతృప్తి ఇవ్వకపోయినా రిజర్వ్ బ్యాంక్ ఒంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. 14448 నంబరులో వివరాలు చెబుతారు. కట్టే స్తోమత లేక కార్డు బాకీ పడినంత మాత్రాన జైలు శిక్ష ఉండదు. అది సివిల్ వ్యవహారం. అయితే ఇచ్చిన చెక్కు చెల్లకపోవటం వేరే విషయం, అది శిక్షార్హమైన నేరం. కోర్టు నుండి గాని, లోక్ అదాలత్ నుండి గాని నోటీసు వస్తే దాక్కోకుండా హాజరు కండి.

స్తోమత ఉండి కూడా ఎగ్గొట్టే ఆలోచన విశ్వాసికి తగదు. స్తోమత గలవాడు బాకీ తీర్చటంలో జాప్యం చేయటం అన్యాయమని దైవప్రవక్త (స) చెప్పారు. షహీదుకు సైతం అప్పు తప్ప మిగతా పాపాలన్నీ క్షమించబడతాయని హెచ్చరించారు. రుణదాత ముస్లిమేతరుడైనా, బ్యాంకైనా, తీసుకున్న అసలు మన మెడపై ఉన్న హక్కే. వడ్డీ విషయంలో ఏం చేయాలన్నది మీ పరిస్థితిని విడమరచి చెప్పి ఉలమాను అడగండి.

అల్లాహ్ నన్నూ, మిమ్మల్నీ, ముస్లిములందరినీ క్షమించుగాక!

రెండవ ఖుత్బా

అల్లాహ్‌కు సర్వస్తోత్రాలు. దైవప్రవక్త (స)పై దరూద్, సలాం.

సోదరులారా! ఇంతవరకు అప్పుపడిన సోదరునితో మాట్లాడాము. ఇప్పుడు మిగిలిన మనందరి వంతు.

హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) ఉల్లేఖించిన ఒక సంఘటన సహీహ్ ముస్లింలో ఉన్నది. దైవప్రవక్త (స) కాలంలో ఒక వ్యక్తి కొన్న పండ్లు నష్టమై అతడు పెద్ద అప్పులో పడ్డాడు. అతనికి సదఖా ఇవ్వమని ఆయన (స) ప్రజలను ఆదేశించారు. ప్రజలు ఇచ్చారు. అయినా అప్పు తీరేంత పోగవలేదు. అప్పుడాయన (స) రుణదాతలతో, దొరికినది తీసుకోండి, అంతకు మించి మీకు లేదని చెప్పారు. ఈ క్రమాన్ని గమనించండి. ఉపాధి దెబ్బతిన్న మనిషిని ఎవరూ నిందించలేదు. మొదట సమాజం చేయి చాచింది. అప్పుపడినవాడు తన వద్ద ఉన్నది ఇచ్చాడు. చివరికి రుణదాతకూ ఒక హద్దు గీయబడింది.

మరి మనం ఏ స్థానంలో ఉన్నాము? తౌబా సూరా 60వ ఆయతు జకాత్‌కు ఎనిమిది వర్గాలను నిర్ణయించింది. వాటిలో అప్పుల్లో కూరుకుపోయినవారు ఒక వర్గం. మనం రమజానులో జకాత్ తీసేటప్పుడు వాకిట నిలిచి అడిగేవారే గుర్తుకు వస్తారు. ఇస్త్రీ చొక్కా తొడుక్కొని, నోరు తెరిచి అడగలేని ఉద్యోగి గుర్తుకు రాడు. అవసరాలకు పోగా అప్పు తీర్చే స్తోమత లేనివాడు జకాత్‌కు అర్హుడే. అతని అప్పు దేనికి ఎంత చెల్లించాలన్నది ఉలమా చూస్తారు. అతని గౌరవాన్ని కాపాడటం మన పని. పేరు బయటపడకుండా ఇవ్వండి.

మరొక మార్గం ఖర్జె హసనా. ఇది మన నగరానికి కొత్త కాదు. వందేళ్ళ క్రితమే హైదరాబాదులో ఉద్యోగులు కూడి వడ్డీ లేని సహకార రుణసంఘాలు నడిపారు. ఈ నగరంలోనే పుట్టి ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధించిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా (1908–2002) ఆ సంఘాల గురించి రాసి లోకానికి తెలియజేశారు. ప్రతి మస్జిదు పరిధిలో ఇరవై కుటుంబాలు నెలకు 1,000 రూపాయలు చొప్పున వేస్తే ఏడాదికి 2,40,000 రూపాయలు అవుతాయి. రాతకోతలతో, సాక్షులతో, రహస్యం కాపాడే ఇద్దరు ముగ్గురు పెద్దలతో దానిని నడపవచ్చు. నెలకు 4,130 రూపాయల వడ్డీభారం నుండి ఒక ఇంటిని తప్పించటానికి ఆ నిధి చాలు.

డబ్బు ఇవ్వలేనివారు పని చూపించండి. యాచించటానికి వచ్చిన ఒక అన్సారీ సోదరుని ఇంటి దుప్పటిని, గిన్నెను దైవప్రవక్త (స) రెండు దిర్హములకు అమ్మించి, ఒకదానితో ఇంటికి తిండి, మరొకదానితో గొడ్డలి కొనిపించారని అబూ దావూద్ గ్రంథంలో ఉన్నది. ఆ ఉల్లేఖన పరంపరపై కొందరు హదీసువేత్తలు అభ్యంతరం తెలిపినా అందులోని పాఠం స్పష్టమైనది. ముందు ఇంటి ఆకలి తీరాలి, ఆ వెంటనే పనిముట్టు చేతికి రావాలి. మీ కంపెనీలో ఖాళీ ఉంటే చెప్పండి. ఆటోనగర్‌లో, దిల్‌సుఖ్‌నగర్ దుకాణాలలో లెక్కలు రాసే పని ఉన్నా చెప్పండి. హలాల్ పని ఏదైనా చిన్నది కాదు.

చివరగా, ఈ భారంతో ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన ఎవరికైనా వచ్చి ఉంటే, సోదరా, ఈ రోజే ఒకరితో మాట్లాడు. ఇమాంతో మాట్లాడు, స్నేహితునితో మాట్లాడు, లేదా 14416 టెలీ మానస్ నంబరుకు ఫోను చెయ్యి. ఏ పిల్లల కోసం అప్పు చేశావో వారికి కావలసింది నువ్వు. ఇబ్బందిలో ఉన్నవానికి వెసులుబాటు వచ్చేవరకు గడువు ఇవ్వమని బఖరా సూరా 280వ ఆయతులో నీ ప్రభువే ఆదేశించాడు. ఆయన ఇచ్చిన గడువును నీకు నువ్వే తెంచుకోకు.

ఓ అల్లాహ్! అప్పులలో ఉన్నవారి అప్పులు తీర్చు. ఉపాధి కోల్పోయినవారికి హలాల్ ఉపాధి ప్రసాదించు. మమ్మల్ని వడ్డీ నుండి కాపాడు. మా ఇళ్ళలో నిజం చెప్పే ధైర్యాన్ని, ఒకరి భారం ఒకరు మోసే మనసును అనుగ్రహించు. ఆమీన్.