పరిశోధనకు ముందు గురుశోధన

గత నెలలో మా విభాగానికి చెందిన ఒక యువ ఇంజనీరు నా గదికి వచ్చి, "సార్, ఉద్యోగం చేస్తూనే పిహెచ్.డి. చేయాలనుకుంటున్నాను. ఫలానా ప్రొఫెసరుగారి పేరు అందరూ చెబుతున్నారు. వారి దగ్గర చేరమంటారా?" అని అడిగాడు. సమాధానంగా నేను బీరువా తెరిచి, దుమ్ము పట్టిన మూడు ఫైళ్ళు అతని ముందు ఉంచాను. పూర్తికాని నా సిద్ధాంత వ్యాసానికి మిగిలిన ఆనవాళ్ళు అవే.

సుమారు ఇరవై సంవత్సరాల క్రితం నేను కూడా పేరు చూసే చేరాను. మన దేశపు బొగ్గులో బూడిద శాతం ఎక్కువ అన్నది మనందరికీ తెలిసినదే. పొగవాయువులతో కలిసి వేగంగా సాగే బూడిద రేణువులు బాయిలరులోని ఎకనమైజరు గొట్టాలను క్రమంగా అరగదీస్తాయి. ఒక్క గొట్టానికి చిల్లు పడినా యూనిట్ ఆపవలసి వస్తుంది. ఏ గొట్టం ఎప్పటికి పలచబడుతుందో ముందుగా చెప్పగలగటం నా ఆశయం. నా మార్గదర్శి గొప్ప విద్వాంసులు, అందులో సందేహం లేదు. కాని వారి ఆసక్తి ప్రవాహ సమీకరణాల మీద. నా ఆసక్తి ఓవర్‌హాల్ సమయంలో కొలిచిన గొట్టాల మందాల మీద. వారి వద్ద అప్పటికే పదిమందికి పైగా విద్యార్థులు ఉండటంతో, ఏడాదికి రెండుసార్లు మాత్రమే నాకు దర్శనం లభించేది. ఐదవ ఏట వారు పదవీ విరమణ చేశారు. వారి స్థానంలో వచ్చినవారు అంశాన్నే మార్చుకోమన్నారు. అదే సంవత్సరం నాకు బదిలీ అయింది. నా పరిశోధన అంతటితో ముగిసింది. ఇందులో వారి దోషం లేదు. ఎప్పుడు విరమణ చేస్తారని చేరేముందు అడగనివాణ్ణి నేనే.

ఆ తరువాత నిబంధనలు కొంత స్పష్టమయినాయి. 2022 నవంబరులో విశ్వవిద్యాలయ నిధుల సంఘం వారు ప్రకటించిన నిబంధనల ప్రకారం ఒకే సమయంలో ప్రొఫెసరు 8 మందికి, అసోసియేట్ ప్రొఫెసరు 6 గురికి, అసిస్టెంట్ ప్రొఫెసరు 4 గురికి మించి మార్గదర్శకత్వం వహించరాదు. విరమణకు 3 సంవత్సరాల లోపు వ్యవధి ఉన్నవారు కొత్త విద్యార్థులను చేర్చుకోరాదు. పరిశోధనకు కనీస కాలం 3 సంవత్సరాలు, గరిష్ఠ కాలం 6 సంవత్సరాలు. తిరిగి నమోదు చేసుకుంటే మరో 2 సంవత్సరాల వరకు గడువు పొందవచ్చును. మనవంటి ఉద్యోగులు యాజమాన్యం నుండి నిరభ్యంతర పత్రం తెచ్చుకుని పార్ట్‌టైమ్‌గా చేరవచ్చును. ఐ.ఐ.టి. వంటి సంస్థలకు తమ సొంత నియమాలు ఉంటాయి కనుక వాటిని విడిగా తెలుసుకోవాలి.

అయితే నిబంధనలు సంఖ్యను నియంత్రించగలవేగాని సఖ్యతను సమకూర్చలేవు. ఆ శ్రమ మనమే పడాలి.

మొదటిది, మార్గదర్శి జీవితకాల కీర్తిని కాక, గత నాలుగైదు సంవత్సరాలలో ప్రచురించిన పత్రాలను చూడండి. మీ సమస్య వాటికి సమీపంలో ఉన్నదా? రెండవది, ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థ నిర్వహిస్తున్న శోధ్‌గంగ భాండాగారంలో దేశంలోని అనేక విశ్వవిద్యాలయాల సిద్ధాంత వ్యాసాలు ఉచితంగా లభిస్తాయి. ఆ మార్గదర్శి వద్ద పూర్తయిన వ్యాసాలు రెండైనా చదవండి. వాటిని వ్రాసినవారిని కలుసుకోండి. ఎన్నేళ్ళు పట్టింది, వ్రాసి ఇచ్చిన అధ్యాయం ఎన్నాళ్ళకు తిరిగి వచ్చేది అని అడగండి. వీలైతే మధ్యలో మానివేసినవారినీ పలకరించండి. పట్టా పొందినవారు మర్యాదకు చెప్పని సంగతులు వారు చెబుతారు.

మూడవది మనకు ప్రత్యేకమైనది. ప్లాంటు సమాచారం సంస్థ ఆస్తి. దానిని ప్రచురించేందుకు ముందుగానే వ్రాతపూర్వక అనుమతి పొంది, ఆ పరిమితులను మొదటి సమావేశంలోనే మార్గదర్శికి తెలియజేయాలి. బదిలీ అయితే పని ఎలా సాగుతుందన్నది కూడా అప్పుడే మాట్లాడుకోవాలి.

ఇంతకూ గొప్ప గురువంటే ఎవరు? ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన సి.ఆర్. రావుగారు 1946లో కేంబ్రిడ్జి వెళ్ళి, ఆర్.ఎ. ఫిషర్ వద్ద 1948లో డాక్టరేటు పొందారు. పరిశోధనాంశాన్ని తానే వెదుక్కోవాలని ఫిషర్ షరతు పెట్టారని రావుగారే చెప్పుకున్నారు. అప్పటికే కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థలో పనిచేసి, 1945లో సుప్రసిద్ధమైన పత్రం ప్రచురించిన వ్యక్తికి ఆ షరతు భారం కాలేదు. అదే షరతు కొత్తగా అడుగుపెట్టేవానికి నడిసముద్రంలో విడిచిపెట్టినట్లుండేది. కనుక గురువు గొప్పతనమెంత అని కాక, మనకెంత తగినవారు అని చూసుకోవాలి.

మూడు వారాల తరువాత ఆ యువకుడు మళ్ళీ వచ్చాడు. ఆ ప్రొఫెసరుగారి వద్ద చదివిన ఇద్దరిని కలిశాడట. అంత పేరు లేని మరొక అధ్యాపకుని కూడా కలిశాడట. ఆయన మొదట అడిగిన ప్రశ్న, "మీ దగ్గర గొట్టాల మందాల కొలతలు ఎన్నేళ్ళవి ఉన్నాయి?" అని. అతడింకా ఎటూ తేల్చుకోలేదు. నేనూ తొందరపెట్టలేదు. సంస్థ అనుమతి రాగానే ఆ మూడు ఫైళ్ళు మాత్రం అతనికి అప్పగిస్తానని చెప్పాను.