నీళ్ళకీ గాలికీ కూడా డాక్టర్లున్నారు

పోయిన వారం స్టడీ అవర్‌లో ఆరో తరగతి తమ్ముడొకడు అడిగాడు: "అన్నా, శ్రీహరికోటలో కొందరు పేరు ముందు డాక్టరని రాసుకుంటారు గదా, వాళ్ళు సూది వేస్తారా?" అందరూ నవ్వారు. నిజం చెప్పాలంటే ఎనిమిదో తరగతి దాకా నాకూ తెలీదు.

వాళ్ళు సూది వేసే డాక్టర్లు కారు. ఒకే విషయం మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేసి, అంతకు ముందు ఎవరికీ తెలియని సంగతిని రుజువు చేస్తే ఇచ్చే పట్టా పిహెచ్.డి. మెకానికల్ ఇంజనీరింగులో ప్రవాహ శాస్త్రం అని ఒక శాఖ ఉంది. నీళ్ళు, గాలి ఎలా పారతాయి, అడ్డమొచ్చిన దాన్ని ఎలా నెడతాయి అన్నదే ఆ చదువు.

మనకి ఇది కొత్తేం కాదు. పడవ ముందు భాగం కోసుగా ఎందుకుంటుందో మీ నాన్నని అడగండి. పులికాట్‌కి రాయదొరువు దగ్గరున్న ముఖద్వారం ఇసుకతో పూడితే పోటు నీళ్ళు లోపలికి రావు, రొయ్య, చేప తగ్గిపోతాయి. అలలు ఇసుకని ఎటు మోస్తాయి, ఎక్కడ తవ్వితే త్వరగా పూడదు? ఇదీ ప్రవాహ శాస్త్రమే. చూసి చెప్పే పెద్దవాళ్ళు మా పేటలో ఉన్నారు. లెక్క కట్టి ఆఫీసర్లకి చూపించేవాళ్ళు ఇంకా లేరు.

శ్రీహరికోట కేంద్రానికి 2002లో సతీష్ ధావన్ గారి పేరు పెట్టారు. ఆయన 1951లో అమెరికాలోని కాల్‌టెక్‌లో పిహెచ్.డి. చేశారు. గాలి వేగంగా పోతూ పలకను రాసుకుంటే పుట్టే ఒరిపిడిని నేరుగా కొలవడం ఆయన పని. అది తెలియకపోతే విమానానికీ, రాకెట్‌కీ లెక్క కుదరదు. 1991లో పక్షులు ఎగిరే తీరు మీద కూడా రాశారు. రాకెట్లు రాకముందు ఆ దీవి అడవిలో తేనె, గడ్డలు ఏరుకుని బతికింది మన యానాదులే. మరి అక్కడి పరిశోధనలో మన పిల్లలెందుకు ఉండకూడదు?

దారి పొడుగే. ఇంటర్ ఎం.పి.సి., నాలుగేళ్ళ బి.టెక్., గేట్ పరీక్ష, రెండేళ్ళ ఎం.టెక్., తర్వాత నాలుగైదేళ్ళు పిహెచ్.డి. మద్రాసు ఐ.ఐ.టి. ఉంది, 2015లో మొదలైన తిరుపతి ఐ.ఐ.టి. ఇంకా దగ్గర. ఎస్.టి.లకి 7.5 శాతం సీట్లు. పిహెచ్.డి. అయ్యాక ఇంకో ప్రొఫెసర్ దగ్గర ఒకటి రెండేళ్ళు జీతం మీద పరిశోధన చేస్తే దాన్ని పోస్ట్ డాక్టోరల్ అంటారు. అది డిగ్రీ కాదు, పని నేర్చుకోవడం.

"అన్నేళ్ళు చదివితే ఇంట్లో ఎట్టా?" అంటారు. కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ ఏటా 750 మంది ఎస్.టి. విద్యార్థులకి ఫెలోషిప్ ఇస్తుంది. పి.జి. మార్కులు చూస్తారు. 2023 నుంచి మొదటి రెండేళ్ళు నెలకి 37,000 రూపాయలు, తర్వాత 42,000. విదేశాల్లో చదవడానికి ఏటా 20 మందికి వేరే స్కాలర్‌షిప్ ఉంది, పోస్ట్ డాక్టోరల్‌కీ వర్తిస్తుంది.

అన్నిటికీ కుల ధ్రువపత్రం కావాలి. సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు దాంట్లో, ఆధార్‌లో, స్కూలు రికార్డులో పేరు ఒకేలా ఉందో లేదో చూసుకోండి. సందేహాలుంటే ఈ పత్రిక కింద కట్టిన అట్టపెట్టెలో చీటీ వేయండి, సార్‌ని అడిగి వచ్చే నెల రాస్తాను.

— పదో తరగతి విద్యార్థి