పటమునకు అంటించిన చీటీ

హైదరాబాదు ఉనికిని రెండు విధముల చెప్పవచ్చును. రేఖాంశము 78.5, అక్షాంశము 17.4 డిగ్రీలు అనుట ఒకటి. ధ్రువప్రాంతములు మినహా భూతలమును 6 డిగ్రీల వెడల్పుగల 60 పట్టీలుగా చీల్చి, ఒక్కొక్క దానిని సమతలముపై ప్రక్షేపించి మీటర్లలో కొలుచుట రెండవది. ఇది యు.టి.ఎం. పద్ధతి. హైదరాబాదు 44వ పట్టీలోనిది. అనంతపురము 43వ దానిలోనిది.

కంప్యూటరులో పటములు గీయు జి.ఐ.యస్. సాధనమునకు తెలిసినవి అంకెలే. అవి డిగ్రీలో, మీటర్లో పటముతో చేర్చిన చీటీ చెప్పవలెను. డిగ్రీల పటమునకు 44వ పట్టీ మీటర్ల చీటీ అంటించినచో నగరము భూమధ్యరేఖ చెంత హిందూ మహాసముద్రములో పడును! చీటీ మార్చినంతమాత్రమున అంకెలు మారవు. వాటిని మార్చు గణితము వేరుగా జరుపవలెను. విద్యార్థులు తికమకపడునది ఇచ్చటనే.

సముద్రములో పడిన నగరమును ఎవరైనను గుర్తింతురు. చిన్న తప్పే ప్రమాదకరము. భారతదేశపు పాత సర్వే పటములకు ఆధారము 1830 నాటి ఎవరెస్టు గోళాభము. దాని భూమధ్య వ్యాసార్ధము సుమారు 6377.3 కిలోమీటర్లు. నేటి ఉపగ్రహ పరికరములు వాడు డబ్ల్యు.జి.యస్. 84 గోళాభమునకు అది 6378.137. రెండింటి కేంద్రములును వేరు. అందుచే పాత పటమునుండి తీసిన అక్షాంశ రేఖాంశములకు క్రొత్త చీటీ తగిలించినచో హైదరాబాదు ప్రాంతమున బిందువు నూరు మీటర్లకు పైగా తప్పును. చెరువు గట్టు పొరుగువాని పొలములో పడుటకు అంత దూరము చాలును.